మత్స్యరహిత ధ్రువపత్రం

బాతుల చెరువుకు పట్టిన దరిద్రమంతా అందులో చేపలు ఉండటమే.

చేపలు లేకపోయి ఉంటే ఆ చెరువు ఏనాడో బాగుపడేది. చుట్టుపక్కల మండలాల్లో చచ్చిన చెరువులన్నీ ఒకదాని తర్వాత ఒకటి బాగుపడుతూనే ఉన్నాయి. ఒకదానికి రంగుల లైట్లు వచ్చాయి, ఒకదానికి ముఖద్వారం వచ్చింది, ఇంకొకదాని ఒడ్డున సిమెంటుతో ఏనుగంత కలువపువ్వు లేచింది. కోడూరుగడ్డ పట్టణం పక్కనున్న బాతుల చెరువు మాత్రం నలభై ఎకరాల నీళ్లతో, ఆ నీళ్లలో చేపలతో, ఏ అభివృద్ధికీ నోచుకోకుండా పడి ఉంది.

ఈ సంగతి అక్కడి మత్స్యకారుల సంఘం అధ్యక్షుడు పిట్ల రాజమల్లుకు చాలా ఆలస్యంగా తెలిసింది. యాభై ఆరేళ్ల మనిషి, పదహారో ఏట నుంచి ఆ చెరువులోనే వల విసురుతున్నాడు. చెరువుకు జబ్బు చేసిందని ఆయనకు ఎవరూ పరీక్ష చేసి చెప్పనక్కరలేదు, వాసన చాలు. బస్టాండు హోటళ్ల మురుగు పారే మోరి తెచ్చి చెరువులో కలిపినప్పటి నుంచి ఎండాకాలం రాగానే చేపలు నోళ్లు తెరుచుకుని పైకి తేలుతున్నాయి. ఇంకో రెండేళ్లు ఇలాగే సాగితే చెరువు పోతుంది. చెరువు పోతే దాని మీద బతికే నలభై రెండు కుటుంబాలు పోతాయి. ఆయన బెంగంతా అదే.

నిజానికి మందు పక్కనే ఉంది. కట్టకు అవతల, నాలుగు వందల గజాల దూరంలో, పదేళ్ల కిందట కట్టిన మురుగు శుద్ధి కేంద్రం ఉంది. దానికి ప్రహరీ కట్టారు, గేటు పెట్టారు, గేటుకు తాళం వేశారు, తాళానికి కాపలాదారుణ్ణి పెట్టారు. మురుగు తెచ్చి కలపడం ఒక్కటే మరిచిపోయారు. ఆ నాలుగు వందల గజాలు పైపు వేసి మోరిని అటు మళ్లిస్తే చెరువు దానంతట అదే తేరుకుంటుంది.

కాబట్టి చెడిపోయిన చెరువులను బాగుచేయడానికి ప్రభుత్వం ‘తటాక సంజీవని’ అనే పథకం పెట్టి నిధులిస్తోందని పేపర్లో చదివినప్పుడు, రాజమల్లుకు రొట్టె విరిగి నేతిలో పడ్డట్టయింది. ఉతికిన చొక్కా వేసుకుని, అర్జీ రాయించుకుని, ప్రాజెక్టు అధికారి ప్రభంజన్ రావు దగ్గరికి వెళ్లాడు. ఊళ్లో ఎవరూ చెరువును తటాకం అనరు గనుక ఏ గదిలోకి వెళ్లాలో కనుక్కోవడానికి కొంత సేపు పట్టింది.

ప్రభంజన్ రావు మంచివాడు. అర్జీ మొత్తం చదివాడు, చదివి నిట్టూర్చాడు. చెరువులో చేపలు ఉన్నాయా అని అడిగాడు. ఉన్నాయి కాబట్టే బాగుచెయ్యమంటున్నామని రాజమల్లు చెప్పాడు.

“అదే అభ్యంతరం. మార్గదర్శకాలలో ఏడవ పేరా చూడండి. పునరుజ్జీవనం అనగా జీవము లేని తటాకమునకు జీవము కల్పించుట. మీ దాంట్లో జీవం ఆల్రెడీ ఉంది. ఉన్నదాన్ని మేం ఎట్లా కల్పిస్తామయ్యా? ఆడిట్ వాళ్లు ఊరుకుంటారా?”

బతికి ఉన్నప్పుడే వైద్యం చేస్తే ఖర్చు తక్కువ కదా అని రాజమల్లు తనకు తోచింది చెప్పాడు. ఖర్చు తక్కువయ్యే పనులు ఈ పథకం పరిధిలోకి రావని ప్రభంజన్ రావు ఓపికగా వివరించాడు. అయినా మనిషి మీద జాలి కలిగి ఒక దారి చూపించాడు. చెరువులో చేపలు ఉన్నాయా లేవా అని తేల్చడానికి స్థానికంగా అధికారం ఉన్నది మత్స్యకారుల సంఘానికే. ఆ సంఘం అధ్యక్షుడు మత్స్యరహిత ధ్రువపత్రం ఇస్తే, అంటే చెరువులో ఒక్క చేపా లేదని సంతకం పెట్టి ఇస్తే, నిధులు ఆగవు. ధ్రువపత్రం నమూనా కూడా ఆయనే సొరుగులోంచి తీసి ఇచ్చాడు.

ఆ మధ్యాహ్నమే కట్ట మీద వలల షెడ్డులో సంఘం కూర్చుంది. అబద్ధం రాసి ఇవ్వడమా అని కొందరు నసిగారు. సంఘంలో పెద్దవాడైన రాయలింగు వాళ్ల నోళ్లు మూయించాడు.

“కాయిదంల లేకుంటె ఏమాయె? నీళ్లల్ల ఉంటయి గద. చేపలకు ఏమన్న సదువొస్తదా, సదివి పారిపోతందుకు?”

అందరూ నవ్వారు. నవ్వనిది రాజమల్లు భార్య బుచ్చవ్వ ఒక్కతే. ముప్పై ఏళ్లుగా బస్టాండు మూల మీద చేపల గంప పెట్టుకుని కూర్చునే మనిషి ఆమె. ఆడే అబద్ధమేదో నా గంప మీద ఆడకుండ్రి అంది. రేపు ఎవరన్నా ఇవి ఏ చెరువు చేపలని అడిగితే తాను ఏం చెప్పాలని అడిగింది. రాజమల్లు ఒక్క నెల ఓపిక పట్టమన్నాడు. నెల తిరిగేసరికి పైపు పడుతుంది, మోరి మళ్లుతుంది, ఆ కాగితం ఏ బీరువాలోనో చెదలు పట్టిపోతుందన్నాడు. అని, సంతకం పెట్టాడు.

నీటి లోతు చూసి చెప్పగలవాడు, గాలి చూసి వాన చెప్పగలవాడు, ఆ ఒక్కచోట పొరబడ్డాడు. సర్కారుకు ఇచ్చిన కాగితాన్ని కాగితమే అనుకున్నాడు.

మూడు వారాలకు పిలుపు వచ్చింది. ప్రభంజన్ రావు తలుపు దగ్గరికి వేసి గొంతు తగ్గించి మాట్లాడాడు. ధ్రువపత్రం రాజధానికి చేరింది, పెద్దలు సంతోషించారు, నిర్ధారణ కోసం నిపుణుల సంఘాన్ని పంపుతున్నారు. చిక్కేమిటంటే ఫైలులో చేపలు లేవు, చెరువులో ఉన్నాయి. రెండింటిలో ఒకదాన్ని సరిచెయ్యాలి. ఫైలు సచివాలయం దాకా వెళ్లిపోయింది కాబట్టి దాన్ని ముట్టుకోవడానికి లేదు.

“మిగిలింది చెరువే కదా,” అన్నాడు.

నలభై రెండు కుటుంబాలు చెరువును సరిచేసే పనిలో పడ్డాయి. మొదటి తంటా నీటికాకులతో వచ్చింది. అవి ఫైలు చూడలేదు. ఉదయం నుంచి సాయంత్రం దాకా మునగడం, చేపతో లేవడం, కట్ట మీద కూర్చుని నలుగురూ చూస్తుండగా తినడం. అవి ప్రభుత్వ రికార్డులకు విరుద్ధంగా ప్రవర్తిస్తున్నాయని, నిపుణులు ఉన్నంతసేపూ వాటిని దూరంగా ఉంచాలని కార్యాలయం నుంచి నోటిమాటగా ఆదేశం వచ్చింది. ఆడవాళ్లు పళ్లాలు, డబ్బాలు పట్టుకుని కట్ట పొడుగునా నిలబడి మోగించారు. నిపుణుల సంఘం అధ్యక్షుడు ఆచార్య విశ్వేశం జీపు దిగి ఆ చప్పుడు విని, తనకు స్వాగతం చెబుతున్నారనుకుని రెండు చేతులూ జోడించాడు.

తర్వాత వల పరీక్ష. నిపుణుల్లో ఎవరికీ వల విసరడం రాదు గనుక ఆ పని రాజమల్లుకే అప్పగించారు. నలభై ఏళ్లుగా చేప ఎక్కడుందో కనిపెట్టి విసిరిన చెయ్యి, ఆ రోజు చేప లేని చోటును వెతికి విసిరింది. అది ఎంత కష్టమో ఇంకో మత్స్యకారుడికి తప్ప తెలియదు. మోరి పడే మూల, నీళ్లు నల్లగా ఉన్నచోట ఐదుసార్లు విసిరాడు. ఐదుసార్లకూ కలిపి ఒక చెప్పు, నాలుగు కవర్లు, సగం కాలిన టైరు వచ్చాయి. నిపుణులు సంతోషించి రాసుకున్నారు. రాజమల్లుకు మాత్రం ఒట్టి వల లాగుతున్న ప్రతిసారీ సిగ్గుతో చెవులు కాలిపోయాయి. ఒడ్డున నిలబడ్డ మత్స్యకారుల సంఘం వాళ్లు తలలు దించుకున్నారు.

అక్కడితో ముగిస్తే పోయేది. ఆచార్య విశ్వేశానికి శాస్త్రీయ దృష్టి ఎక్కువ. తూము దగ్గర ఇంకొక్కసారి విసరమన్నాడు. తూము దగ్గర కళ్లు మూసుకుని విసిరినా చేప పడుతుంది. రాజమల్లు కళ్లు మూసుకునే విసిరాడు. ఐదు కిలోల బొచ్చె చేప పడింది.

దాని తోక దెబ్బకు నీళ్లు ఆచార్యుల కళ్లద్దాల మీద చిందాయి. నిపుణుల్లో ఒకరు అది స్థానికమా లేక ఎక్కణ్ణుంచైనా తాత్కాలికంగా వచ్చిందా అనేది ముందు తేలాలన్నారు. ఇంకొకరు అద్దాలు తడిసినందున దాన్ని చూసినట్టు రాయలేమన్నారు. చర్చ ముదురుతుండగా ప్రభంజన్ రావు భోజనం వేళయిందని గుర్తుచేశాడు.

భోజనం వలల షెడ్డులోనే. బుచ్చవ్వ పులుసు పెట్టింది. ఆచార్య విశ్వేశం మూడుసార్లు వడ్డించుకుని, ఇంత రుచిగల చేప ఈ రోజుల్లో ఎక్కడ దొరుకుతుందమ్మా అని అడిగాడు. బుచ్చవ్వ మొగుడి మొహం చూసింది. మార్కెట్ల కొన్న సార్ అంది, అని గరిటె పక్కన పెట్టి బయటికి వెళ్లిపోయింది. ముప్పై ఏళ్లలో ఆమె తన చేప గురించి అబద్ధం చెప్పడం అదే మొదలు. సాయంత్రానికి నివేదిక సిద్ధమైంది. “పరిశీలనలో లభ్యమైన ఏకైక మత్స్యము మధ్యాహ్నము ఒంటిగంట నలభై నిమిషములకు పూర్తిగా తొలగించబడినది. తటాకము ప్రస్తుతము మత్స్యరహితము.”

నిధులు వచ్చాయి. వచ్చినట్టు అందరికీ తెలిసింది కూడా, ఎందుకంటే మొదట వచ్చింది నిధులు వచ్చాయని చెప్పే బోర్డు. తర్వాత ముఖద్వారం లేచింది. కట్ట మీద నడకదారి పరిచారు, నడిచేవాళ్లు ఫొటో దిగడానికి గుండె ఆకారంలో ఒక చట్రం నిలబెట్టారు. రాజమల్లు రోజూ వెళ్లి చూసేవాడు. పైపు తప్ప అన్నీ కనిపించేవి. ఆఖరికి చెరువు మధ్యలో తేలియాడే శుద్ధియంత్రాన్ని దింపిన రోజున ఉండబట్టలేక ప్రభంజన్ రావును అడిగాడు.

ఆయన అమాయకుణ్ణి చూసినట్టు చూశాడు. మోరిని మళ్లిస్తే చెరువులోకి మురికి రాదు. మురికి రాకపోతే యంత్రం దేన్ని శుద్ధి చెయ్యాలి? కోట్లు పోసి కొన్న యంత్రాన్ని పనిలేకుండా కూర్చోబెట్టడం ప్రజాధనం దుర్వినియోగం కాదా? అసలు ఇప్పుడున్న ఇబ్బంది మురికి ఎక్కువై కాదట, చాలక. యంత్రం రోజుకు పది లక్షల లీటర్ల మురుగును శుద్ధి చేయగలదు, బస్టాండు మోరి మూడు లక్షలు కూడా ఇవ్వడం లేదు. ఈ కొరతను అధిగమించేందుకు పై నుంచి అనుమతి వచ్చింది.

ఆ నెలలోనే మార్కెట్ మోరినీ రైసు మిల్లుల మోరినీ తెచ్చి బాతుల చెరువులో కలిపారు. వాటికి పైపు మాత్రం పదిహేను వందల గజాలు అవసరమైంది, వారంలో వేశారు. యంత్రం పాలు కాచినట్టు నురగలు కక్కుతూ ప్రారంభోత్సవం నాడు చక్కగా తిరిగింది. కరెంటు బిల్లుకు పద్దు మంజూరు కాలేదు గనుక మర్నాటి నుంచి ఆపేశారు. కొండనాల్కకు మందేస్తే ఉన్న నాల్క ఊడబట్టెనని బుచ్చవ్వ గంప బోర్లించి కూర్చుంది.

ఏప్రిల్‌లో ఒక పొద్దున చెరువంతా తెల్లగా కనిపించింది. రాజమల్లు కట్ట మీది నుంచి చూసి, ఎవరో సున్నం పోశారనుకున్నాడు. దగ్గరికి వెళితే తెలిసింది, అవి పొట్టలు. బొచ్చెలు, రవ్వలు, బురదలో కూడా బతికే కొర్రమట్టలు, వేలెడంత పిల్లలు కూడా. మోకాలి లోతు నీళ్లలో నిలబడి ఆయన చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. నలభై రెండు ఇళ్లవాళ్లు మూడు ట్రాక్టర్ల నిండా చచ్చిన చేపల్ని ఏరారు. మిల్లు కాటా మీద తూస్తే నలభై క్వింటాళ్లు వచ్చింది.

ఆ ట్రాక్టర్లను నేరుగా తీసుకెళ్లి ప్రాజెక్టు కార్యాలయం గేటు ముందు నిలబెట్టారు. ప్రభంజన్ రావు ముక్కుకు రుమాలు కట్టుకుని బయటికి వచ్చి, విషయం విని, ఫైలు తెప్పించాడు. ఈ చెరువులో చేపలు లేవని రాజమల్లు స్వహస్తాలతో సంతకం చేసి ఉన్నాడు. లేని చేపలు చావవు. కనుక ఈ చేపల్ని సంఘం వాళ్లు ఎక్కణ్ణుంచో తెచ్చి ప్రభుత్వ చెరువులో పారవేసినట్టు భావించవలసి వస్తుంది, దానికి జరిమానా ఉంది. కాదు, చేపలు ముందునుంచీ ఉన్నాయంటారా, అప్పుడు తప్పుడు ధ్రువపత్రం ఇచ్చినట్టు, దానికి జైలు ఉంది. ఏది కావాలో మూడు రోజుల్లో రాతపూర్వకంగా తెలపమన్నాడు.

రాజమల్లు మూడు రోజులు తీసుకోలేదు.

“చేపలున్నయి సార్. ముందునుంచి ఉన్నయి. నేనే అబద్ధం రాసిన. జైల్ల ఎయ్యుండ్రి, పోత. మూడు మోరీలు మాత్రం బందుపెట్టుండ్రి.”

ఈ సమాధానానికి కార్యాలయం సిద్ధంగా లేదు. మనిషి అబద్ధం చెబితే ఎలా వ్యవహరించాలో అక్కడ అందరికీ తెలుసు, నిజం చెబితే ఏం చెయ్యాలో ఎవరికీ తెలియదు. చేపలు ఉన్నాయంటే చెరువుకు అర్హత లేదు. అర్హత లేదంటే ముఖద్వారం నుంచి శుద్ధియంత్రం దాకా అంతా అక్రమమే, దాని మీద సంతకాలు చేసిన పదకొండు మంది అధికారులూ, మూడుసార్లు వడ్డించుకున్న ఆచార్యులూ రాజమల్లు వెనకాలే వరసగా లోపలికి నడవాలి. ట్రాక్టర్లు గేటు ముందు అలా కంపు కొడుతుండగానే అత్యవసర సమావేశం జరిగింది.

గట్టెక్కించింది ఆచార్య విశ్వేశమే. ఆయన ఫలితాల నివేదిక అనే తొమ్మిదో నంబరు ఫారాన్ని బల్ల మీద పరిచాడు. పథకానికి ముందు చేపల పరిమాణం అని ఒక గడి ఉంది. అక్కడ సున్నా వేశాడు. పథకం అనంతరం అని ఇంకొక గడి. అక్కడ నలభై క్వింటాళ్లు అని రాశాడు. ఫారంలో ఇంకేమీ లేదు. చేపలు బతికి ఉన్నాయా అని ఫారం అడగలేదు, అడగని సంగతి రాయడం ఉద్యోగ మర్యాద కాదు. రాజమల్లు మీద జరిమానా, జైలు రెండూ రద్దయ్యాయి. కారణం, ఆయన ఇప్పుడు లబ్ధిదారుడు.

చచ్చిన తటాకాన్ని ఒక్క ఏడాదిలో చేపలతో నింపినందుకు బాతుల చెరువుకు ఆ ఏటి ఉత్తమ పునరుజ్జీవన పురస్కారం వచ్చింది. జిల్లా కేంద్రంలో సభ పెట్టారు. రాజమల్లును కారులో తీసుకెళ్లి, శాలువా కప్పి, పథకం వల్ల జీవితం ఎలా మారిందో రెండు ముక్కలు చెప్పమని మైకు ముందు నిలబెట్టారు. మోరీల సంగతి పెద్దల చెవిన వేయడానికి ఇదొక్కటే అవకాశమని ఆయన దారి పొడుగునా మాటలు కూర్చుకున్నాడు.

“సార్లందరికి దండాలు. నలభై క్వింటాళ్ల చేప పట్టినమని చెప్పిండ్రు. పట్టలే సార్. వల తియ్యలే, తెప్ప తియ్యలే. ఒక్క పూటల చేతుల్తోనే ఏరుకున్నం.”

వల లేకుండానే అనేసరికి హాలు చప్పట్లతో మోగిపోయింది. వేదిక మీదివాళ్లు లేచి నిలబడి మరీ కొట్టారు. అన్నీ సచ్చినయే సార్, మూడు మోరీలు కలిపి సంపిండ్రు, అని ఆయన ఆ తర్వాత అన్నది ముందు వరసలో కూర్చున్న ఫొటోగ్రాఫరుకు మాత్రమే వినపడింది. రాజమల్లు కళ్లు తుడుచుకోవడం మాత్రం అందరికీ కనపడింది. లబ్ధిదారుడు ఆనందబాష్పములతో ప్రసంగము కొనసాగించలేకపోయెనని సభా నివేదికలో రాశారు.

తర్వాతి వారం ప్రభంజన్ రావు తానే స్వయంగా వలల షెడ్డుకు వచ్చాడు. షెడ్డు ఖాళీగా ఉంది. సంఘంలో సగం మంది కూలిపనులకు, రాయలింగు కొడుకులు రైసు మిల్లులో హమాలీకి వెళుతున్నారు. ఆయన బెంచీ మీద కూర్చుని కొత్త కాగితం తీశాడు. పథకం విజయవంతమైనందున వచ్చే ఏడాది లక్ష్యాన్ని పదిశాతం పెంచి నలభై నాలుగు క్వింటాళ్లు చేశారు. అందుకోసం చెరువులో వదలడానికి లక్ష చేపపిల్లలు కొంటున్నారు. వాటిని అందుకున్నట్టూ, అవి చెరువులో క్షేమంగా ఉన్నట్టూ సంఘం అధ్యక్షుడు ముందస్తుగా సంతకం చెయ్యాలి.

మోరీలు బందైతయా సార్ అని రాజమల్లు అడిగాడు. అది రెండో దశలో ఉందని ప్రభంజన్ రావు చెప్పి, పెన్ను మూత తీసి అందించాడు.

రాజమల్లు పెన్ను ముట్టుకోలేదు.

“ఒక్కపారి సంతకం పెడితె చెరువంత సచ్చింది సార్. ఇగ పెట్ట. లక్ష పానాలు, నాతోని కాదు.”

ప్రభంజన్ రావు ఏమీ అనుకోలేదు. ఇలాంటి ఇబ్బంది వస్తుందని మార్గదర్శకాలు రాసినవాళ్లు ముందే ఊహించారు. సంచిలోంచి సిరాపెట్టె తీసి, బల్ల మీద పెట్టి, సంతకం చెయ్యలేనివాళ్లు వేలిముద్ర వేస్తే సరిపోతుందని చెప్పి, రాజమల్లు ఎడమచెయ్యి మెల్లగా తన చేతిలోకి తీసుకున్నాడు.